చక్రానికి అంటిన నూనె

వెనక నిలబడి తోసేవాడికి కూర్చున్న మనిషి ముఖం కనిపించదు. పాపిట కనిపిస్తుంది, చెవుల వెనక నెరిసిన వెంట్రుకలు కనిపిస్తాయి, భుజాలు ఎంత బిగిసి ఉన్నాయో తెలుస్తుంది. కళ్లలో ఏముందో మాత్రం తెలియదు. ఏడాదిన్నరగా సిద్ధరాములు తన భార్యను ఈ వైపు నుంచే చదువుకుంటున్నాడు. ఇవాళ యమునాబాయి భుజాలు చదవడానికి లొంగడం లేదు. అవి బిగిసీ లేవు, వాలీ లేవు. ఇక అక్కర్లేదని గోడకు ఆనించిన వస్తువుకు ఉండే నిమ్మళం ఏదో వాటిలో ఉంది. కుంఠా నాకా నుంచి జోడ్‌భావి పేట్ దాకా ముప్పావుగంట నడక. నాలుగింటికి బయలుదేరారు. నడవలేనివాళ్లకు కుర్చీలు ఇచ్చే మండలి ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. ఆలోగా అక్కడికి చేరి, ఈ చక్రాల కుర్చీని వాపసు ఇచ్చి, ఆమెను రిక్షాలో ఇంటికి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఆమె గడప దాటదు. ఇది ఆమె తీసుకున్న నిర్ణయమే. నిన్న అన్నం తినేటప్పుడు, మజ్జిగ అడిగినంత మామూలుగా చెప్పింది: "నా మతి నిలుస్తలేదయ్యా. బ్రేకు ఎయ్యాల్నన్న సోయి లేనిదానికి గాడీ ఎందుకు? మండలోల్లకు ఇచ్చేద్దాం. ఇంకెవరికన్న అక్కరకొస్తది." అతను ముద్ద మింగాడు. ఆ మింగడమే జవాబయింది. కుర్చీ జారిన ఆ రోజు ఆమె బ్రేకు వేసింది. ఆ సంగతి ఈ లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు ఇప్పుడు రెండు పిడులు పట్టుకుని, నోరు మూసుకుని, ఆమెను వాపసు ఇవ్వడానికి తోసుకుపోతున్నాడు. ఆమెను కాదు, కుర్చీని, అని తనను తాను దిద్దుకున్నాడు. కానీ మొదట వచ్చిన మాటే నిజమైనదిగా తోచింది.

మురుగునీటి మోరీ మీద పరచిన బండ ఒకటి ఎత్తుగా లేచి ఉంది. అతను ఆగి, వెనక అడుగున ఉన్న పైపు మీద కాలు నొక్కి, పిడులు తన వైపు లాక్కుని, ముందరి చిన్న చక్రాలను గాలిలోకి లేపాడు. లేపే ముందు "లేపుతున్న" అన్నాడు. చెప్పకుండా కదిలించకూడదు. దవాఖానాలో కసరత్తు నేర్పిన బాయి మొదటి రోజే ఆ మాట చెప్పింది. ఆమె మరాఠీలో చెబుతూ ఉంటే వీళ్లిద్దరూ బడిపిల్లల్లా తలలూపారు. కదిలేముందు చెప్పాలి. కాళ్లకు స్పర్శ లేదు గనుక పాదాలు పలక మీదే ఉన్నాయో జారాయో నువ్వే చూడాలి. కొంగు చక్రం ఊచల్లో పడకుండా ఒడిలోకి లాగాలి. చేతులు ఆనించే కమ్ములు పట్టుకుని ఎత్తకూడదు, అవి ఊడి వస్తాయి. వాలు దిగేటప్పుడు కుర్చీని తిప్పి వెనక్కి దింపాలి. వాలు మీద బ్రేకు వేసినా సరే, పిడి వదలకూడదు. పావుగంటకోసారి ఆమె రెండు చేతుల మీద బరువు మోపి పిరుదులను లేపుకోవాలి, లేకపోతే పుండ్లు పడతాయి. అన్నీ అతనికి గుర్తున్నాయి. గుర్తుండటం అతని వృత్తి. ఇరవై రెండేళ్లుగా అతను కార్ఖానాలో మరమగ్గాలు బాగుచేసే జాబర్. చద్దర్లు నేసే సాంచె ఆగిపోతే ఎక్కడ ఏది వదులైందో చెవితోనే చెప్పేస్తాడు. పోగును అటూ ఇటూ మోసే నాడె తప్పు చప్పుడు చేస్తే నిద్రలోనైనా పట్టేస్తాడు. అలాంటి చెవికి ఆ రోజు రెండు చప్పుళ్లు వినిపించాయి. టక్, టక్. ఎడమ బ్రేకు, కుడి బ్రేకు. ఆ చెవి ఉన్నవాడు ఆ మాట ఎనిమిది రోజులుగా చెప్పకుండా ఎలా ఉన్నాడు? వినడం వేరు, విన్నానని ఒప్పుకోవడం వేరు. మొదటిదానికి చెవి చాలు. రెండోదానికి ఏం కావాలో అతనికి ఇంకా తెలియలేదు.

తప్పు ఎక్కడ మొదలైందో మాత్రం తెలుసు. సాంచె మనిషికి ఒక అలవాటు ఉంటుంది. కదిలే ప్రతిదానికీ నూనె పోస్తాడు. పొద్దున కార్ఖానాలో అడుగుపెట్టగానే నూనె డబ్బా చేతికి రావాలి. కీలు కనిపిస్తే చుక్క, ఇరుసు కనిపిస్తే రెండు చుక్కలు. ఆ తర్వాత దూది పీచుతో యంత్రమంతా నిగనిగలాడేలా తుడవాలి. నూనె లేని లోహాన్ని చూస్తే అతనికి పస్తున్న మనిషిని చూసినట్టు ఉంటుంది. ఆ రోజు పొద్దున కుర్చీ చక్రం రబ్బరును నొక్కి ఆపే బ్రేకు కడ్డీ కిర్రుమంటూ ఉంటే, కార్ఖానా నుంచి తెచ్చుకున్న డబ్బా తీసి ధారాళంగా పోశాడు. కారిందాన్ని వృథా చేయడమెందుకని అదే పీచుతో చక్రాల రబ్బరు కూడా తుడిచాడు. రబ్బరు నల్లగా, కొత్తదానిలా మెరిసింది. యమునాబాయి మురిసిపోయి "పెండ్లి గాడీ లెక్క చేసినవ్" అంది. కదిలేదానికి నూనె పోయాలి, నిజమే. నిలిపేదానికి పోయకూడదన్న ఆలోచన అతని బుర్రలోకి రాలేదు. ఇరవై రెండేళ్లలో అతను నిలిపేవాటి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. సాంచె ఆగడమంటే అతనికి నష్టం, రోగం. ఆగడం కూడా ఒక పని అని, దానికీ పట్టు కావాలని తోచలేదు.

వాకిట్లో తనే సిమెంటుతో పోసిన ఏటవాలు. గల్లీ ఇరుకు కాబట్టి కాస్త నిటారుగా వచ్చింది. అదే రోజు, కాసేపటికి, దాని మీద కుర్చీ ఉంది. పక్కింటి సుందరాబాయి ఎనిమిది నెలల మనవరాలిని యమున ఒళ్లో పెట్టి, నల్లా దగ్గరికి బిందె పట్టుకుని వెళ్లింది. టక్, టక్. అతను పిడులు వదిలి, తలుపుకు తాళం వేయడానికి తిరిగాడు. తాళం చెవి సగం తిరిగేలోగా అరుపు వినిపించింది. కుర్చీ జారి మోరీ గట్టుకు కొట్టుకుంది, యమున మోచేతి చర్మం లేచిపోయింది, పాప నొసలు చిట్లింది. రెండు కుట్లు. పాప బతికి బాగానే ఉంది, మూడో రోజుకల్లా నవ్వుతోంది కూడా. కానీ సుందరాబాయి నవ్వలేదు. "బ్రేకు ఎయ్యకుంట పోరిని ఎట్ల ఒల్లె పెట్టుకున్నవే యమునా? నీ ఒళ్లు నీకే తెల్వది, ఇంకొకల పోరి ఎందుకు?" అని గల్లీ అంతా వినేలా అడిగింది. ఆ క్షణంలోనే అతను చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాడు కూడా. అప్పటికే యమున ఏడుస్తూ, "ఏసిననే అనుకున్ననే సుందరా... ఏసిననే అనుకున్న" అంటోంది. ఆ "అనుకున్న" అన్న మాటలో అతనికి ఒక చిన్న సందు కనిపించింది. అందులోకి దూరిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె లోపల పడుకుని ఉండగా అతను కుర్చీని ఒరిగించి చూశాడు. వేలు పెడితే రబ్బరు జారింది. బట్టల సబ్బు తెచ్చి రెండు చక్రాలూ కడిగాడు. మూడుసార్లు కడిగి, బూడిదతో రుద్ది, ఆరబెట్టాడు. ఇంకెప్పుడూ జారకూడదని కడిగానని అప్పుడు అనుకున్నాడు. అది అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదు. ఎందుకంటే ఆ పని దీపం పెట్టకుండా, చప్పుడు చేయకుండా చేశాడు. మూడో రోజు యమున కుర్చీని వాలు మీద పెట్టించింది. సీటులో నిండు బిందె పెట్టించి, తను గడపలో కూర్చుని చెయ్యి చాచి బ్రేకులు వేసింది. కుర్చీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. చాలాసేపు చూసి, "సూసినవా, అది గట్టిగనే ఉన్నది. ఖరాబయింది నేనే" అంది. తను కడిగిన శుభ్రమే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె పొయ్యి ఆర్పానా లేదా అని మూడుసార్లు అడుగుతోంది. చుట్టిన బీడీల కట్టలను విప్పి మళ్లీ లెక్కపెట్టుకుంటోంది. తన చేతిని తనే దొంగను చూసినట్టు చూస్తోంది. నడుము కింద భాగం రెండేళ్ల కింద నీళ్ల బిందెతో మెట్ల మీద నుంచి పడ్డప్పుడు పోయింది. అప్పుడు కూడా ఆమె ఇంతగా కుంగలేదు. "కాళ్లు పోతే పోయినయ్, చేతులున్నయ్" అంది. ఇప్పుడు ఆ చేతులను అతను తీసుకున్నాడు.

"ఏం మరదలా, రథమెక్కి యాడికి సవారీ?" చాయ్ టపరీ ముందున్న బల్ల మీద నుంచి పోచయ్య కేకేశాడు. చేతిమగ్గం మీద నేసి నేసి వంగిపోయిన ముసలివాడు. అతని చుట్టరికం ఈ గల్లీలో అందరితోనూ ఏదో ఒక వైపు నుంచి కలుస్తుంది.

"వాపస్ ఇచ్చేతందుకు పోతున్నం బావా" అంది యమున.

"అరే, కశాలా? ఎందుకు, ఏం పుట్టింది?"

"బ్రేకు ఎయ్య మరుస్తున్న."

"ఛల్! ఈ కార్ఖానల మనుషులు మోటరు బంద్ చెయ్యనే మరిచిపోయి ఇంటికి పోతరు. సాంచె వాపస్ తీస్కుంటున్నడా సేటు?" తనే నవ్వి, తర్వాత గాజు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు మరిచినవంటే నేను నమ్మ మరదలా. పాతికేండ్లల నీ కట్టల ఒక్క బీడీ తక్కువ రాలే. ఏం సిద్ధరాములూ, నువ్వన్న చెప్పవేందిరా?"

"నమ్మకుంటే ఏం జేస్తవ్ బావా. పోరి నొసలు సూసి రాపో" అంది యమున. సిద్ధరాములు "టైమైతుంది అన్నా" అని కుర్చీని కదిలించాడు. చెప్పకుండా కదిలించాడు. యమున తల వెనక్కి ఊగింది. ముందైతే "నా మెడ ఇరుగుతదేమో, జర నోరు తెర్వు" అని అరిచేది. ఈ ఎనిమిది రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. తోస్తే తోయించుకుంటోంది, ఆపితే ఆగుతోంది. పెండ్లయిన ఇరవై ఆరేళ్లలో ఇంట్లో ఇంత ప్రశాంతత ఎప్పుడూ లేదు. అతను ఆ ప్రశాంతతను... నడుస్తూనే ఆగిపోయినట్టయింది అతనికి. ఆ వాక్యాన్ని పూర్తి చేయకూడదనుకున్నాడు. కానీ మనసు తనంతట తాను పూర్తి చేసింది. అతను దాన్ని ఇష్టపడ్డాడు. భయంతో నోరు మూసుకున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. సుందరాబాయి తిడుతుందని, కార్ఖానాలో నవ్వుతారని, జాబర్‌కే నూనె ఎక్కడ పోయాలో తెలియలేదంటారని. అవన్నీ ఉన్నాయి. వాటి కింద ఇంకొకటి ఉంది. ఆమె తప్పు చేసిన మనిషిగా ఉండటం అతనికి కుదిరింది. నడవలేకపోయినా ఆమె ఇల్లంతా తన గొంతుతో నడిచేది. ఇప్పుడు ఆ గొంతు తగ్గింది. సాయం చేసే చెయ్యి పైన ఉండటానికి అలవాటు పడుతుంది. అవతలివాడు ఇంకాస్త కిందికి జారితే అది మరింత దయగా మారుతుంది. తన దయ ఎంత పెరిగిందో తలుచుకుంటే అతనికి అసహ్యం వేసింది. నిన్న ఆమె తల దువ్వాడు. మొన్న ఆమె అడగకుండానే పాన్ తెచ్చాడు. దయలో దొంగసొత్తు వాసన ఉంటుందా? ఉంటే ఆమె ముక్కుకు అందలేదా?

గల్లీ మలుపులో వరసగా నాలుగు కార్ఖానాలు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. సాంచెల మోత వీధంతా నిండి, నేల సన్నగా అదురుతోంది. ఇక్కడ మనుషులు చెవిలో నోరు పెట్టి మాట్లాడుకుంటారు. సిద్ధరాములు తల కాస్త వంచి, ఆమె పాపిటకు, మామూలు గొంతుతో, "నువ్వు బ్రేకు ఏసినవు యమునా. నూనె పోసింది నేను" అన్నాడు. చెప్పేశాడు. ఆమె కదల్లేదు. ఒక్క మాట కూడా ఆ మోతను దాటి ఆమెను చేరలేదు. చేరదని తెలిసే చెప్పాడు. ఈ చోటు దాకా ఆగి మరీ చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా ఆ మోతలో బతికినవాడికి ఏ గొంతు ఎంత దూరం పోతుందో తెలియదా? ఇక రేపెప్పుడైనా తనను తాను నిలదీసుకుంటే, చెప్పాను కదా అనుకోవడానికి ఒక ఆధారాన్ని నేసుకుంటున్నాడు. మనిషి ఎవరి దగ్గర దాచుకోవాలనుకుంటాడో వాళ్లకంటే ముందు తన దగ్గర దాచుకోవడం నేర్చుకుంటాడు. ఆమె మాత్రం సరిగ్గా అప్పుడే రెండు చేతులూ కమ్ముల మీద మోపి, బరువు లేపుకుని, కాసేపు గాలిలో ఉండి, మళ్లీ కూర్చుంది. పావుగంట అయింది. మతి నిలవని మనిషి పావుగంటను మరవలేదు. గడియారం చూడకుండా, ఎవరూ చెప్పకుండా. అది చూశాక అతనికి పిడులు వేడెక్కినట్టు అనిపించింది.

పెద్ద మోరీ దాటాక రోడ్డు దిగుతుంది. పొడవైన వాలు, పక్కన సైకిళ్లు, రిక్షాలు. అతను ఆగి, ఆమె పాదాలు పలక మీద ఉన్నాయో లేదో వంగి చూసి, కొంగు ఒడిలోకి సర్ది, "తిప్పుతున్న" అన్నాడు. కుర్చీని వెనక్కి తిప్పాడు. ఇప్పుడు ఆమె ముఖం వచ్చిన దారి వైపు ఉంది, అతను కింద ఉన్నాడు. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, భుజం మీదుగా చూసుకుంటూ, ఆమె బరువునంతా ఛాతీకి ఆనించుకుని దించుతున్నాడు. ఇక్కడ మోత లేదు. సాయంత్రపు ఎండలో ఎవరో ఇత్తడి బిందె తోముతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఇక్కడ చెబితే వినిపిస్తుంది. చెప్పకపోతే కింద మలుపు, మలుపు తర్వాత పేట, పేటలో ఆఫీసు, ఆఫీసులో సంతకం. సంతకం తర్వాత చెప్పే నిజం ఎవరికి పనికొస్తుంది? అది అతని మనసుకు మందే తప్ప ఆమె చేతులకు కాదు.

"యమునా."

"ఊఁ."

"ఆ దినం పొద్దున బ్రేకుకు నూనె పోసిన. అదే పీచుతోని రబ్బరు గూడ తుడిసిన. గందుకే జారింది."

ఆమె భుజాలు అలాగే ఉన్నాయి. అతను ఇంకో అడుగు వెనక్కి వేశాడు. "నేను బ్రేకు ఏసిన్నా?" అని అడిగింది. నూనె గురించి అడగలేదు.

"ఏసినవ్. రెండు దిక్కుల. నేను విన్న."

టక్, టక్. వాలు మధ్యలో కుర్చీ ఆగిపోయింది. అతని ఛాతీ మీద నుంచి బరువు ఒక్కసారిగా తప్పుకుంది.

"ఇడువు" అంది. "ముందరికి రా."

"వాలు మీద ఇడువొద్దన్నది బాయి..."

"ముందరికి రా. నీ మొకం సూడాలె."

అతను రోడ్డు పక్కన పడి ఉన్న ఇటుక ముక్కను కాలితో లాక్కుని చక్రం వెనక పెట్టాడు. ఒక్కో వేలూ పిడి నుంచి తీసి, చేతులు చాచే ఉంచి, పక్కగా నడిచి ఆమె ముందుకు వచ్చాడు. ఏడాదిన్నర తర్వాత వీధిలో ఆమె ముఖాన్ని ఎదురుగా చూడటం ఇదే మొదటిసారి. ఆమె ఏడవడం లేదు. కళ్లు అతని మీద లేవు, చక్రం మీద ఉన్నాయి.

"ఇటుక తీయి."

"ఉండనీ యమునా, జర..."

"తీయ్యి అంటున్న. నా చెయ్యి ఏసిన బ్రేకు అది."

వంగి తీశాడు. ఒక రిక్షావాడు హారన్ కొట్టి, "కాయ్ మామా, రస్త్యాత్ సంసార్ మాండ్లా కా?" అని, రోడ్డు మీదే కాపురం పెట్టావా అన్నట్టు నవ్వి, రిక్షాను పక్కకు తిప్పుకుని పోయాడు. కుర్చీ కదల్లేదు. నిండు మనిషి బరువుతో, వాలు మీద, ఎవరి చెయ్యీ లేకుండా అది నిలబడింది. ఆమె కుడి చేతిని పైకెత్తి, వేళ్లు విప్పి, ముడిచి, మళ్లీ విప్పి చూసుకుంది.

"ఎప్పుడు కడిగినవ్?"

"ఆ సాయంత్రమే."

"నేను లోపల ఏడుస్తున్నప్పుడా?"

"అవు."

"బిందె పెట్టి సూసిన దినం నువ్వు పక్కనే నిలవడ్డవు గద."

అతను తల ఊపాడు. ఏదో ఒకటి చెప్పాలని, సుందరకు భయపడ్డానని, కార్ఖానాలో నవ్వుతారనుకున్నానని అనబోయాడు. అవన్నీ వెనక ఉన్నప్పుడు బరువుగానే తోచాయి. ఆమె ముఖం ముందు నిలబెడితే ఒక్కటీ నిలవలేదు. క్షమించమని అడగబోయాడు. అడిగితే ఆమె మీద ఇంకో పని మోపినట్టవుతుందనిపించింది. ఊరుకున్నాడు. ఈ ఊరుకోవడం ఎనిమిది రోజుల ఊరుకోవడం లాంటిది కాదని అతనికి తెలుసు. ఆమెకు తెలుసో లేదో తెలియదు.

"ఎనిమిది దినాలు" అంది ఆమె, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు. "పొయ్యి ఆర్పిన్నా అని నిన్ను అడిగిన. నువ్వు 'ఆర్పినవ్ తియ్' అన్నవు, ఎంత మంచిగ అన్నవు. నీ మంచితనం పాడుగాను." గొంతు పెరిగింది. బిందె తోముతున్న చప్పుడు ఆగింది. ఎవరో కిటికీలోంచి తొంగి చూశారు. ఆ గొంతు అతనికి చెంపదెబ్బలా తగిలింది, అయినా అది ఆగకూడదనిపించింది. కానీ ఆగింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎనకకు పో. పట్టుకో" అంది. అతను వెనక్కి వెళ్లి పిడులు పట్టుకున్నాక బ్రేకులు తీసింది.

"కిందికా?" అని అడిగాడు.

"పైకి. సుందర ఇంటికి."

ఎక్కడం కష్టమైంది. అతను నడుము వంచి, చేతులు చాచి, పాదాలు నేలలోకి గుచ్చి తోశాడు. ఆమె కూడా చక్రాల చుట్టు కమ్ములు పట్టుకుని తిప్పుతోంది. ఆమె పట్టు అతని తోపు కంటే ముందు పడుతోంది. ఒక్కోసారి పిడులు అతని చేతుల్లోంచి జారిపోతున్నంత వేగంగా. అతను దాదాపు పరుగెత్తుతున్నాడు. ఆమె తనను క్షమిస్తుందా? పాపను సుందర మళ్లీ ఆమె ఒళ్లో పెడుతుందా? రేపు తను తెచ్చిన పాన్ ఆమె తీసుకుంటుందా? ఏదీ తెలియదు.

"ఆడ నేను మాట్లాడ" అంది ఆమె, ఊపిరి తీసుకుంటూ. "నువ్వే చెప్పాలె. అందరు ఉంటరు, బీడీలు చుట్టేటోల్లు. ఎట్ల మొదలువెడతవ్?"

"తెల్వది."

"తొవ్వంత ఉన్నది గద. అనుకుంట రా."

అతను అనుకున్నాడు. పైకి, ఆమెకు వినిపించేలా అన్నాడు: "సుందరా, ఆ దినం పొద్దున నేను డబ్బా తీసి నూనె..."

"నూనె తర్వాత" అంది యమునాబాయి, చక్రాన్ని ముందుకు తోస్తూ. "ముందుగాల యమున రెండు బ్రేకులు ఏసిందని చెప్పు. ఆడికెల్లి మొదలువెట్టు."